ఫర్మా కట్టే ముందు

బోయిగూడలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల టింబర్ డిపో. దాని వెనక రేకుల షెడ్డులో ఒక మేస్త్రీ దర్వాజలు చేసేవాడు. పల్లకీలు మోసిన బోయీల పేరు మిగుల్చుకున్న బస్తీ మాది. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం అక్కడ దుంగలు మోసే లారీలే. కాలేజీ నుంచి వస్తూ ఆ షెడ్డు దగ్గర ఆగడం నాకు అలవాటు, కోసిన టేకు వాసన కోసం.

షెడ్డు గోడకు మేకులు, మేకులకు వేలాడే చెక్క ముక్కలు. ఒకదానికి రెండు బెజ్జాలు, ఒకదానికి అంచున గాడి, ఇంకోదానికి ఒక మూల కోసేసి ఉండేది. అవి ఫర్మాలు. దర్వాజ మీద ఫర్మా ఆనించి బెజ్జంలో పెన్సిల్ తిప్పితే చాలు, బందులు ఎక్కడ రావాలో అక్కడే వస్తాయి. టేపు తీసే పనే లేదు. నిన్న పనిలో చేరిన కుర్రాడు గీసినా మేస్త్రీ గీసినట్టే ఉంటుంది.

ఒకరోజు ఆయన ఎవరో అడిగిన కొత్త రకం దర్వాజ చేస్తున్నాడు. "దీనికి ఫర్మా కట్టవా మేస్త్రీ?" అన్నాను.

"ఒక్క దర్వాజకు ఫర్మా ఎందుకు బిడ్డా? ఇసొంటివి నాలుగు అడిగినంక సూస్తా" అన్నాడు. చెవి మీది పెన్సిల్ తీసి గీత గీసుకుని, కాసేపాగి మళ్లీ అన్నాడు: "కొలత తప్పితే ఒక్క దర్వాజే ఖరాబైతది. ఫర్మా తప్పితే ఎన్ని దర్వాజలు ఖరాబైతయో నాకే తెల్వదు."

ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది సాఫ్ట్‌వేర్ పని. బోయిగూడ వైపు గేటులోంచి సికింద్రాబాద్ స్టేషన్‌లోకి వెళ్లి, ఎంఎంటీఎస్ ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, రోజంతా పైప్‌లైన్ల ముందు కూర్చుంటాను. ఈ అధ్యాయంలో చెప్పబోయేది క్లౌడ్ పైప్‌లైన్‌కు మన సొంత ఎక్స్‌టెన్షన్ ఎలా రాయాలన్నది. మేస్త్రీ ఇరవై ఏళ్ల కింద చెప్పిన ఆ రెండు మాటలకు మించి ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. వాటి అర్థం నాకు తెలియడానికి మాత్రం ఒక శుక్రవారం సాయంత్రం పాడైంది. అక్కడికి వస్తాను.

ఈ రంగానికి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు రాసిన కోడ్ సర్వర్ చేరేలోపు బిల్డు అవ్వాలి, పరీక్షలు నెగ్గాలి, ప్యాకేజీ కట్టాలి, ఎవరో ఆమోదించాలి. ఈ వరసంతా మనిషి చెయ్యి పడకుండా నడిపేది పైప్‌లైన్. అందులో ఒక్కో అడుగు ఒక్కో టాస్క్. వందలకొద్దీ టాస్కులు రెడీగా దొరుకుతాయి. మీకు కావలసింది దొరకనప్పుడు మీరే ఒకటి రాసి తగిలించవచ్చు. జెంకిన్స్‌లో దాన్ని ప్లగిన్ అంటారు, గిట్‌హబ్‌లో యాక్షన్ అంటారు, అజూర్ డెవాప్స్‌లో ఎక్స్‌టెన్షన్ అంటారు. మా రైలు భాషలో చెప్పాలంటే, 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య పరీక్షించి చూపించిన 'కవచ్' అనే రైలు భద్రతా పరికరం అలాంటిదే. ఇంజిన్ పాతదే, డ్రైవరూ ఉన్నాడు. తగిలించిన పరికరం చూస్తుంటుంది: ముందు ప్రమాదముంటే బ్రేకు పడిందా లేదా. ఆ రోజు ఎదురుగా ఉన్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది.

నేను ఇక్కడ అజూర్ డెవాప్స్ సంగతే చెబుతాను, రోజూ చేతిలో ఉండేది అదే కాబట్టి. టీమ్ ఫౌండేషన్ సర్వర్‌గా పుట్టి, పేర్లు మార్చుకుంటూ వచ్చి, 2018 సెప్టెంబర్‌లో ఈ పేరు పెట్టుకుంది. దాన్ని తయారుచేసే మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది కాబట్టి మన ఊరివాళ్లకు ఇది మరీ పరాయి సరుకు కాదు.

నాలుగు దర్వాజల దాకా ఆగండి

మొదటి సలహా: ఎక్స్‌టెన్షన్ రాయకండి.

నిజంగానే అంటున్నాను. మన ఇంజనీర్లకు ఒక జబ్బుంది. రెండుసార్లు చేసిన పనిని మూడోసారి చేయాలంటే నామోషీ. వెంటనే ఒక 'ఫ్రేమ్‌వర్క్' కట్టేస్తారు. దాన్ని వాడేది వాళ్లొక్కరే, బాగు చేయాల్సింది మాత్రం వాళ్లు మానేశాక వచ్చినవాళ్లు.

పని మొదటిసారి వచ్చినప్పుడు పైప్‌లైన్ ఫైల్లోనే పది లైన్ల స్క్రిప్టు రాసేయండి. రెండోసారి వస్తే దాన్ని కాపీ కొట్టండి, తప్పు లేదు. మూడోసారికి ఆ స్క్రిప్టును విడిగా ఒక రిపాజిటరీలో పెట్టి అందరూ అక్కణ్నుంచి తెచ్చుకునేలా చేయండి. నాలుగోసారికి యామిల్ టెంప్లేట్ ఉంది. ఒకచోట రాసి పదిచోట్ల చేర్చుకోవచ్చు. నా అనుభవంలో చాలా టీముల ప్రయాణం అక్కడే ముగుస్తుంది, ముగియాలి కూడా.

మరి ఎక్స్‌టెన్షన్ ఎప్పుడు? వాడేవాళ్లకు స్క్రిప్టు చదివే ఓపిక లేనప్పుడు, విండోస్ మెషీన్ మీదా లైనక్స్ మెషీన్ మీదా ఒకేలా నడవాల్సినప్పుడు, వేరే సంస్థలకూ ఇవ్వాల్సినప్పుడు. ఈ మూడింటిలో ఒక్కటైనా లేకపోతే టెంప్లేట్‌తో ఆగిపోండి. ఇక్కడ ఆగడం తెలిసినవాడే నా దృష్టిలో సీనియర్.

ఈ వారం ఒక పని చేయండి. మీ టీమ్ పైప్‌లైన్ ఫైళ్లన్నీ పక్కపక్కన తెరిచి, ఒకేలా కనిపించే స్క్రిప్టు ముక్కలకు రంగు వేయండి. ఒకే రంగు నాలుగుచోట్ల పడితే అప్పుడు కూర్చుని మాట్లాడండి. మా టీమ్‌లో అలా రంగు వేస్తే ఒక ముక్క 14 చోట్ల తేలింది. డేటాబేస్‌లో మార్పు చేసే ప్రతి ఫైలుకూ, ఆ మార్పును వెనక్కి తీసే ఫైలు జోడుగా ఉందో లేదో చూసే ముక్క అది. పద్నాలుగూ ఒకదాని కాపీ ఒకటి, కానీ పద్నాలుగులో ఏ రెండూ ఒకేలా లేవు. ఒక్కొక్కరూ ఒక్కో చోట గోకారు. అందులో నాలుగు విండోస్ మీద నడిచేవి. సరే, ఇప్పుడు ఫర్మా కట్టొచ్చు అనుకున్నాం. దానికి 'రోల్‌బ్యాక్ ఉందా' అని పేరు పెట్టాను. పేరే ప్రశ్న కావడం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది.

కట్టే పని

భయపడేంత పెద్ద పనేం కాదు. ఒక ఫోల్డర్, అందులో రెండు ముఖ్యమైన ఫైళ్లు. టాస్క్.జేసన్ అన్నది టాస్క్ జాతకం. పేరేమిటి, వాడేవాడి దగ్గర ఏమేం అడగాలి, ఏ నోడ్ (జావాస్క్రిప్టును నడిపేది) మీద నడుస్తుంది, వెర్షన్ ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. రెండోది అసలు పని చేసే జావాస్క్రిప్టు ఫైలు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే టాస్క్ లైబ్రరీని అందులో తెచ్చుకుంటే, ఇన్‌పుట్ చదవడానికీ పాసో ఫెయిలో చెప్పడానికీ ఫంక్షన్లు రెడీగా ఉంటాయి. ఈ రెంటికీ బయట ఎక్స్‌టెన్షన్ మేనిఫెస్టు ఒకటి ఉంటుంది. టీఎఫ్‌ఎక్స్ అనే కమాండ్ లైన్ పనిముట్టు అన్నింటినీ కలిపి ఒక విసిక్స్ ఫైలుగా కట్టేస్తుంది. మార్కెట్‌ప్లేస్‌లో పబ్లిషర్ పేరు నమోదు చేసుకుని దాన్ని ఎక్కించాలి. పబ్లిక్ అని మీరు చెప్పనంతవరకూ అది మీరు పంచుకున్న సంస్థలకే కనిపిస్తుంది. అక్కడి అడ్మిన్ ఇన్‌స్టాల్ చేస్తే పని అయినట్టే.

ఇంతవరకూ ఏ గైడ్ చూసినా దొరుకుతుంది. దెబ్బ తగిలాక గాని తెలియనివి కొన్ని చెబుతాను.

టాస్క్.జేసన్‌లో గుయిడ్ అనే పొడవాటి నంబర్ ఒకటుంటుంది. నమూనా ఫైలు కాపీ కొట్టినవాళ్లు పేరు మార్చి దీన్ని మార్చడం మరిచిపోతారు. సిస్టమ్ టాస్క్‌ను గుర్తుపట్టేది పేరుతో కాదు, ఈ నంబరుతో. కొత్త టాస్క్‌కు కొత్త నంబరు తప్పనిసరి. ఒకసారి బయటికి వెళ్లాక చచ్చినా మార్చకూడదు.

వెర్షన్ రెండు చోట్ల ఉంటుంది, మేనిఫెస్టులో ఒకటి, టాస్క్.జేసన్‌లో ఒకటి. మేనిఫెస్టుది పెంచకపోతే మార్కెట్‌ప్లేస్ వద్దంటుంది, కాబట్టి ఆ తప్పు మీకు వెంటనే తెలుస్తుంది. టాస్క్‌ది పెంచకపోతే ఎవరూ ఏమీ అనరు. కొత్తది ఎక్కినట్టే కనిపిస్తుంది, నడిచేది మాత్రం పాత కోడే. నేను ఒక మధ్యాహ్నమంతా సరిగ్గా ఉన్న కోడ్‌లో లేని తప్పు వెతికాను.

ఇన్‌పుట్లు తక్కువ పెట్టండి. నా టాస్క్‌కు మొదట తొమ్మిది ఉండేవి. వాడేవాళ్లలో ఇద్దరు తప్ప అందరూ ఒకటే మార్చారు, ఫోల్డర్ దారి. మిగతా ఎనిమిదీ నా తెలివి చూపించుకోవడానికి పెట్టుకున్నవే.

వీటన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఫెయిలైనప్పుడు కనిపించే వాక్యం మీద. మేస్త్రీ ఫర్మాల మీద పెన్సిల్‌తో 'ఎడమ', 'పైకి' అని రాసి ఉండేది. ఆయనకు తెలియక రాసుకున్నవి కావవి, ఆయన లేనప్పుడు వాడే కుర్రాడి కోసం రాసినవి. మీ టాస్క్ రాత్రి రెండింటికి, మీరెవరో తెలియని మనిషి ముందు ఫెయిలవుతుంది. 'వాలిడేషన్ ఎర్రర్' అని చెబితే అతను ఏం చేయాలి? నా మొదటి వెర్షన్ అదే అనేది. ఇప్పుడు ఏ ఫైలుకు జోడు లేదో, ఆ జోడు ఫైలు ఏ పేరుతో ఏ ఫోల్డర్‌లో ఉండాలో చెబుతుంది. ఆ మార్పుకు కోడ్ మూడు లైన్లు పెరిగింది, నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

తీగ తెగినా ఎరుపే

సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది, ఇరిసెట్. 1957 నుంచి నడుస్తోంది. అక్కడ నేర్పే పాఠాల్లో ట్రాక్ సర్క్యూట్ ఒకటి. పట్టాల్లో చిన్నపాటి కరెంటు పారుతూ ఉంటుంది. అది అవతలి చివర రిలేను పట్టి ఉంచుతుంది. రిలే పట్టి ఉంటేనే పచ్చ. బండి వస్తే చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తాయి, కరెంటు రిలే దాకా చేరదు, అది జారిపోయి ఎరుపు పడుతుంది. ఇందులో అందం ఏమిటంటే, తీగ తెగినా, పట్టా విరిగినా, బ్యాటరీ చచ్చినా అదే జరుగుతుంది. ఏ లోపమొచ్చినా ఎరుపే. పచ్చ కావాలంటే అన్నీ సరిగ్గా ఉండి తీరాలి.

నా టాస్క్ దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. జోడు లేని ఫైళ్ల జాబితా తయారుచేసి, జాబితా ఖాళీగా ఉంటే పచ్చ టిక్కు వేసేది. ఒక టీమ్ ఫోల్డర్ పేరులో చివరి అక్షరం తప్పు కొట్టింది. ఆ పేరుతో ఫోల్డరే లేదు. లేని ఫోల్డర్‌లో ఫైళ్లు సున్నా, సున్నా ఫైళ్లలో తప్పులు సున్నా, కాబట్టి పచ్చ. మూడు నెలలు రోజూ పచ్చ. ఒకరోజు డేటాబేస్ మార్పును వెనక్కి తీయాల్సి వచ్చి చూస్తే వెనక్కి తీసే ఫైలే లేదు. ఆ రాత్రి ఆ టీమ్ పడ్డ పాట్లు నేను ఇక్కడ రాయను. 'నీ టాస్క్ పాస్ అంది కదా' అని పొద్దున ఒకరు అడిగిన మాట మాత్రం రాస్తాను.

ఇలాంటిదే ఇంకొకటి. నోడ్ పాత వెర్షన్లలో ప్రామిస్ (తర్వాత ముగిసే పని) విఫలమై దాన్ని ఎవరూ పట్టుకోకపోతే ఒక హెచ్చరిక వేసి ఊరుకునేది. ప్రోగ్రామ్ మాత్రం బాగానే ముగిసినట్టు లెక్క. పైప్‌లైన్‌కు అది పాస్. నోడ్ 15 నుంచి ఈ పద్ధతి మార్చారు, ఇప్పుడు ప్రోగ్రామ్ పడిపోతుంది. పాత నోడ్ మీద నడిచే టాస్కులు మీ దగ్గర ఇంకా ఉంటే ఒకసారి తీసి చూడండి. నోడ్ 16కే 2023 సెప్టెంబర్‌లో కాలం చెల్లింది. ఎక్స్‌టెన్షన్ ఒకసారి రాసి వదిలేసే వస్తువు కాదనడానికి ఇది చాలు. మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా దాని కింద నేల కదులుతూనే ఉంటుంది.

కాబట్టి మీ టాస్క్‌కు మొదట రాయాల్సిన పరీక్ష అది పాస్ అవుతుందా అన్నది కాదు. ఫోల్డర్ లేకుండా, అనుమతి లేకుండా, ఖాళీ ఫైలుతో, నెట్‌వర్క్ తీసేసి నడపండి. అన్నింటికీ ఎరుపు రావాలి. టాస్క్ లైబ్రరీలోనే ఇలాంటి పరీక్షలకు నకిలీ వాతావరణం సృష్టించే సదుపాయం ఉంది, అసలు పైప్‌లైన్ అక్కర్లేదు.

ఆ శుక్రవారం

సున్నా ఫైళ్లు కనబడితే ఫెయిల్ చేయాలని కోడ్ మార్చాను. సరైన మార్పే. పరీక్షలు రాశాను, వెర్షన్‌ను 1.3 నుంచి 1.4కి పెంచాను, శుక్రవారం సాయంత్రం ఎక్కించి స్టేషన్‌కు బయలుదేరాను. బేగంపేట దాటకముందే ఫోన్ మోగడం మొదలైంది. పద్నాలుగు పైప్‌లైన్లలో ఐదు ఎర్రబడ్డాయి. ఆ ఐదింట్లో డేటాబేస్ మార్పులేమీ లేవు, వాళ్ల ఫోల్డర్లు న్యాయంగానే ఖాళీ. అందులో ఒకటి ఆ రాత్రే విడుదల కావాలి.

జరిగిందేమిటంటే, పైప్‌లైన్ ఫైల్లో టాస్క్ పేరు పక్కన అట్ గుర్తు, ఒకటి అని రాస్తారు. ఆ ఒకటి పెద్ద వెర్షన్ నంబరు. దాని కింద చిన్న నంబర్లు మారితే ఎవరినీ అడగకుండానే కొత్తది అందరికీ వెళ్లిపోతుంది. నేను పంపింది ఒక సవరణ అనుకున్నాను. వాళ్లకు చేరింది మాట తప్పడం. నిన్నటి దాకా ఒప్పుకున్నదాన్ని ఇవాళ ఒప్పుకోని ఏ మార్పైనా, అది ఎంత న్యాయమైనదైనా, కొత్త పెద్ద నంబరుతోనే వెళ్లాలి.

వెనక్కి తీద్దామంటే అక్కడ ఇంకో చిక్కు. మార్కెట్‌ప్లేస్ నంబరు తగ్గించనివ్వదు. పాత కోడ్‌కే 1.5 అని పేరు పెట్టి ముందుకు పంపాలి. సికింద్రాబాద్‌లో దిగి, బోయిగూడ గేటు బయట మెట్ల మీద లాప్‌టాప్ తెరిచి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ పని చేశాను. పక్కన సమోసాలు అమ్మే అతను "ఇంట్ల కరెంట్ లేదా అన్నా" అని జాలిపడ్డాడు.

తర్వాతి వారం తీరిగ్గా చేశాం. ఒకే ఎక్స్‌టెన్షన్‌లో రెండు ఉపఫోల్డర్లు, ఒకే గుయిడ్. ఒకటో వెర్షన్ పాత పద్ధతిలోనే ఉంటుంది, ఖాళీ అయితే హెచ్చరిక మాత్రం వేస్తుంది. రెండో వెర్షన్ ఎరుపు చూపిస్తుంది. నిజంగా ఖాళీ అయితే 'ఖాళీ సరే' అని వాడేవాళ్లే టిక్కు పెట్టాలి. ఎవరు ఎప్పుడు మారాలో వాళ్లిష్టం. శుక్రవారం ఏదీ ఎక్కించకూడదని గోడ మీద ఒక కాగితం అంటించాం. నా చేతే రాయించారు.

ఒకరి చేతిలో మార్పు అందరి ఇంట్లోకి అడగకుండా వెళ్లడమంటే ఏమిటో 2025 మార్చిలో ప్రపంచమంతా చూసింది. గిట్‌హబ్‌లో 23,000 పైచిలుకు రిపాజిటరీలు వాడే టీజే యాక్షన్స్ వారి ఒక యాక్షన్‌లోకి ఎవరో చొరబడ్డారు. పాత వెర్షన్ గుర్తులనే తీసుకెళ్లి తమ కోడ్ మీద పెట్టారు. వాడేవాళ్లు ఏమీ మార్చలేదు, కానీ వాళ్ల పైప్‌లైన్ల రహస్యాలు బిల్డు లాగుల్లో అచ్చయ్యాయి. నా టాస్క్ ఎవరు దొంగిలిస్తారులే అనుకోకండి. అది నడిచే మెషీన్ మీద మీ సంస్థ తాళాలుంటాయి. ప్రచురించడానికి వాడే టోకెన్‌కు మార్కెట్‌ప్లేస్ అనుమతి తప్ప ఇంకేమీ ఇవ్వకండి, గడువు తక్కువ పెట్టండి. బయటి ప్యాకేజీలు ఎన్ని తగ్గితే అంత నిద్ర. నా టాస్క్‌లో ఇప్పుడు మైక్రోసాఫ్ట్ లైబ్రరీ తప్ప నేను తెచ్చుకున్నది మరొకటి లేదు. పాస్‌వర్డ్ అవసరం లేని టాస్క్ పాస్‌వర్డ్ అడగకూడదు. అవసరమైతే దాన్ని రహస్యమని లైబ్రరీకి చెప్పండి, లాగులో చుక్కలుగా మారుస్తుంది.

మేస్త్రీ ప్రతి వానాకాలం తర్వాత ఫర్మాలన్నీ దించి టేపు పెట్టి చూసేవాడు. చెక్క ఉబ్బుతుంది కదా. కొలత పోయినవాటిని పక్కన పడేసేవాడు కాదు, సుత్తితో విరగ్గొట్టి చాయ్ పొయ్యిలో పెట్టేవాడు. "ఊకె పడేస్తే ఎవడో ఒకడు తీసుకపోయి వాడుతడు" అనేవాడు.

నాకు విరగ్గొట్టే ధైర్యం రావడానికి ఏడాది పట్టింది. ఒకటో వెర్షన్ టాస్క్.జేసన్‌లో 'డెప్రికేటెడ్' అని రాసి పంపాను. అప్పట్నుంచి దాన్ని వాడిన ప్రతిసారీ పసుపు హెచ్చరిక వస్తుంది. రెండు నెలలు చూశాను. ఆ హెచ్చరిక చదివినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి నేనే ఒక్కో టీమ్ దగ్గరికి కుర్చీ లాక్కుని వెళ్లి కూర్చున్నాను. పదమూడు పైప్‌లైన్లు రెండో వెర్షన్‌కు మారాయి. ఒక్కటి మిగిలింది. అదెవరిదో ఎవరికీ తెలియలేదు. ఫ్లోర్లన్నీ తిరిగి అడిగితే ఒకమ్మాయి గుర్తుపట్టింది. ఆ సర్వీసును ఆపేసి ఏడాది దాటిందట. సర్వర్లు కూడా తీసేశారు. పైప్‌లైన్ మాత్రం రోజూ రాత్రి రెండింటికి లేచి, నా టాస్క్ ఒకటో వెర్షన్‌ను పిలిచి, సున్నా ఫైళ్లు చూసి, పచ్చ టిక్కు పెట్టుకుని పడుకుంటోంది.